పన్ను దగ్గరే ఆగిపోకు తల్లీ

అమ్మలూ,

"32 పళ్లు చాలవా, వాటి పైన 33 పూసలు కూడా బట్టీ కొట్టాలా?" అని మీ అమ్మ దగ్గర విసుక్కున్నావట. లెక్క మాత్రం తప్పు చెప్పలేదు, సంతోషం. మెడలో 7, వీపులో 12, నడుములో 5, ఆ కింద త్రికంలో 5, చిట్టచివర ముడ్డిపూసలో 4. పెద్దయ్యేసరికి కిందివి అతుక్కుపోయి మొత్తం 26 ఎముకలుగా మిగులుతాయి. వైవాలో ఈ రెండో లెక్కే అడుగుతారు, చూసుకో.

పళ్ల డాక్టరు కాబోయేదానికి వెన్నెముక ఎందుకన్న నీ ప్రశ్న న్యాయమైనదే. మీ కాలేజీలో దానికి జవాబు చెప్పే తీరిక ఎవరికీ ఉండదు కాబట్టి నేను చెబుతాను. జీవితమంతా జనం నోళ్లలోకి తొంగిచూసి, ఇప్పుడు వాకిట్లో కుర్చీ వేసుక్కూర్చున్నవాణ్ని. నాకు తీరికే తీరిక.

ముందుగా ఒక పని చెయ్యి. ఈ ఉత్తరం పక్కన పెట్టి, రెండు చూపుడు వేళ్లూ చెవి రంధ్రాలకు కాస్త ముందు ఆనించి, నోరు మెల్లగా తెరువు. వేళ్ల కింద ఏదో కదిలింది కదా? అదే కింది దవడ తల. మొదట కాసేపు ఉన్నచోటే తిరుగుతుంది, ఇంకా తెరిస్తే ముందుకు జారుతుంది. తలుపు బందూ బల్ల సొరుగూ ఒకే కీలులో ఇమిడినట్టన్నమాట. పైగా కుడి కీలూ ఎడమ కీలూ ఒకే ఎముకకు రెండు కొసలు. ఒకటి కదిలితే రెండోది కదలక తప్పదు. ఇప్పుడు పళ్లు గట్టిగా బిగించి, దవడ మూల దగ్గర ఒక చెయ్యి, కణత మీద ఒక చెయ్యి పెట్టు. రెండు చోట్లా గట్టిపడుతుంది. నమిలే కండరాలు రెండు పక్కలా నాలుగేసి. వాటిలో రెండు నీ చేతికి దొరికాయి, మిగతా రెండూ దవడకు లోపలి వైపున దాక్కున్నాయి. పుస్తకంలో పది పేజీల సంగతి నీ వేళ్లకు ఒక్క నిమిషంలో తెలిసింది. అనాటమీ ఇలాగే చదువు. ముందు నీ ముఖం మీద, తర్వాత ఎముక మీద, ఆ తర్వాతే పుస్తకంలో.

ఈ వరస మార్చినందుకు వైద్యశాస్త్రం చాలా కాలం మూల్యం చెల్లించింది. రెండో శతాబ్దంలో రోమ్‌లో గేలెన్ అనే మహావైద్యుడు ఉండేవాడు. మనుషుల శవాలు కోసే వీలు ఆ రోజుల్లో లేక కోతుల్నీ పందుల్నీ కోసి చూసి రాశాడు. మనిషి కింది దవడ రెండు ఎముకల కలయిక అన్నాడు. ఆయన మాటంటే వేదం కాబట్టి శతాబ్దాల పాటు అందరూ అదే చదివారు, అదే పాఠం చెప్పారు. 1200 ప్రాంతంలో ఈజిప్టులో ఘోరమైన కరువొచ్చింది. బాగ్దాదు నుంచి వెళ్లి అక్కడ ఉంటున్న అబ్దుల్ లతీఫ్ అనే వైద్యుడు ఎముకల గుట్టల దగ్గర కూర్చుని పుర్రె తర్వాత పుర్రె చూశాడు. ఎక్కడా అతుకు కనపడలేదు. కింది దవడ ఒకటే ఎముక అని, గేలెన్ ఎంతటివాడైనా మన కళ్ల సాక్ష్యమే గట్టిదని రాసిపెట్టాడు. యూరపులో ఆ మాట చెప్పడానికి వెసేలియస్ అనే అనాటమీ పండితుడు రావలసి వచ్చింది. 1543లో తన గొప్ప గ్రంథం అచ్చయ్యేనాటికి ఆయన వయసు 28. నీకంటే పదేళ్లు పెద్ద, అంతే.

అయితే పుట్టిన పిల్లల్లో కింది దవడ నిజంగానే రెండు ముక్కలుగా ఉంటుంది. మొదటి ఏడాదిలో గడ్డం మధ్య అతుక్కుంటుంది. మీ డిపార్టుమెంటులో పసిపాప దవడ, నడివయసు దవడ, పళ్లన్నీ ఊడిన ముసలి దవడ వరసగా పెట్టి ఉంటాయి. వాటిని పక్కపక్కన పెట్టుకుని బయటి వైపున్న చిన్న రంధ్రం ఎక్కడుందో చూడు. కింది పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నరం బయటికొచ్చే దారి అది. పసిపాపలో కింది అంచు దగ్గర, నడివయసులో నడిమధ్య, ముసలితనంలో పై అంచు దగ్గర ఉంటుంది. రంధ్రమేమీ ఎక్కి రాలేదు. పళ్లు పోయాక వాటిని పట్టుకున్న ఎముక అరిగిపోయి, పై అంచే దాని దగ్గరికి దిగివచ్చింది. మీ నాయనమ్మ కట్టుడు పళ్లు పెట్టుకుని అన్నం తింటుంటే పెదవి దాకా జివ్వుమంటోందని అంటుంది చూడు, అదీ సంగతి. పళ్ల సెట్టు ఆ నరం మీద ఒత్తుతోంది. అక్కడ సెట్టుకు కాస్త గాడి తీస్తే పోయే బాధకి, ఈ వయసులో అంతేలే అని సరిపెట్టుకుని కూర్చునేవాళ్లు ఊరికి పదిమంది ఉంటారు.

పుర్రెలో మొత్తం 22 ఎముకలు. మెదడును కాచేవి 8, ముఖానివి 14. వీటిలో స్వేచ్ఛగా కదిలేది కింది దవడ ఒక్కటే. చెంప ఎముకలు, ముక్కు ఎముకలు, అంగిలి, వాటి అతుకులు వగైరా నువ్వు ఎలాగూ నేర్చుకుంటావు, నేను నస పెట్టను. పై దవడ గురించి మాత్రం ఒక్క మాట. అది లోపల బోలు. చెంప వెనక గాలి గది ఉంది, పై దవడ పళ్ల వేళ్లు దాని నేలను దాదాపు తాకుతుంటాయి. జలుబు చేసి, వంగితే ముఖం బరువెక్కుతోందనీ, పై వరసలో మూడు నాలుగు పళ్లు ఒకేసారి లాగుతున్నాయనీ ఎవరైనా వస్తే పట్టకారు తీయకు. ఒక్క పన్నే పాడైతే అది ఒక్కటే నొప్పెడుతుంది. నాలుగూ కలిసి మొరపెడుతున్నాయంటే పైనున్న గదిని అనుమానించు.

కింది దవడ నొప్పికి ఇంతకంటే పెద్ద మోసం ఉంది. మెట్లెక్కుతుంటే దవడ లాగుతుంది, కాసేపు కూర్చుంటే తగ్గుతుంది అని అరవయ్యేళ్లాయన చెప్పాడనుకో. నోట్లో చూస్తే పుచ్చిపోయిన పన్ను కూడా ఒకటి కనిపిస్తుంది, మన దేశంలో ఆ వయసులో కనపడకుండా ఉండదు. అది పీకేసి పంపకు. గుండెకు రక్తం చాలనప్పుడు వచ్చే నొప్పి కొందరికి దవడలోనే తెలుస్తుంది. ముందు ఈసీజీ తీయించుకు రమ్మను, పన్ను ఎక్కడికీ పోదు.

కీలు దగ్గరికి మళ్లీ వస్తాను. పెద్దగా ఆవలించి నోరు మూయలేక, మాట రాక, చొంగ కారుస్తూ వచ్చేవాళ్లను ముందు ముందు చూస్తావు. ఇంటిల్లిపాదీ గాలి సోకిందని హడలిపోయి ఉంటారు. జరిగిందల్లా ఇంతే. జారాల్సిన దవడ తల ఎదురుగా ఉన్న మిట్టను దాటి అవతల పడింది, కండరాలు బిగుసుకుని దాన్ని వెనక్కి రానివ్వడం లేదు. నీ బొటనవేళ్లకు గుడ్డ దట్టంగా చుట్టుకుని, కింది దంతాల మీద పెట్టి, ముందు కిందికి నొక్కాలి, తర్వాత వెనక్కి నెట్టాలి. మిట్ట కిందుగా తెస్తే గాని వెనక్కి పోదు, అందుకే ఆ వరస. దారిలో పడగానే నోరు టక్కున మూసుకుంటుంది, గుడ్డ ఎందుకో అప్పుడు తెలుస్తుంది. మూడు వేల అయిదు వందల ఏళ్ల నాటి ఈజిప్టు పత్రాల్లోనే ఈ వైద్యం ఉంది. హిప్పోక్రటీసు కూడా రాశాడు. ఇన్ని యంత్రాలొచ్చినా ఇంతకంటే మెరుగైన పద్ధతి పెద్దగా పుట్టలేదు.

ఇక కీలులో టిక్కుమని చప్పుడొస్తోందని భయపడి వచ్చేవాళ్లు బోలెడుమంది. కీలు మధ్యనున్న మెత్తటి పొర కాస్త తప్పుకుని మళ్లీ చోటు చేరుకుంటే ఆ చప్పుడు వస్తుంది. నొప్పి లేకపోతే, నోరు బాగా తెరుచుకుంటుంటే దాని జోలికి పోవద్దు. చప్పుడు చూపించి జనాన్ని భయపెట్టి ఖరీదైన ప్లేట్లు అమ్మేవాళ్లంటే నాకు గిట్టదు. నువ్వు అలా చేశావని తెలిస్తే నీతో మాట్లాడను.

నోరు ఎంత తెరుచుకుంటోంది అన్నది మాత్రం ప్రతి రోగిలోనూ చూడు. ఎవరి వేళ్లు వాళ్లకు మూడు నిలువుగా పట్టాలి. ఇరవయ్యేళ్ల కుర్రాడికి రెండు వేళ్లు కూడా పట్టకపోతే, కారం తగిలితే నోరు మండుతోందంటే, ఇంక అడగక్కర్లేదు, జేబులో గుట్కా పొట్లం ఉంటుంది. వక్క నమిలి నమిలి బుగ్గల లోపలి పొర గట్టి పట్టీలుగా బిగుసుకుపోతుంది. అది కాన్సరుకు తొలిమెట్టు. మానేసినా ఆ బిగుతు పూర్తిగా సడలదు. నిషేధం కాగితం మీద ఉంది, పొట్లం కిళ్లీ బడ్డీలో ఉంది. నువ్వు తిట్టకుండా, అసహ్యించుకోకుండా చెప్పు, వింటారు. శ్రీకాకుళం, విశాఖ వైపు పల్లెల్లో పెద్దవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాలుస్తారు. అడ్డపొగ అంటారు. ఆ వేడి నేరుగా అంగిలికి తగులుతుంది. డెన్మార్కుకు చెందిన పిండ్‌బోర్గ్, మన దేశపు పరిశోధకులతో కలిసి, ఆంధ్రలో 10,169 మంది పల్లె జనం అంగిళ్లు పరీక్షించి 1971లో ఆ వివరాలు ప్రచురించాడు. ఆ వైపు నుంచి ఎవరొచ్చినా, నొప్పి ఏ పన్నుదైనా సరే, తల వెనక్కి వంచమని ఒక్కసారి అంగిలి చూడు.

నోరు తెరవలేని ఇంకో రకం వాళ్లుంటారు, వాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. చిన్నప్పుడు గడ్డం మీద పడ్డ పిల్లలు. గడ్డం చర్మం చీలితే రెండు కుట్లు వేసి పంపేస్తారు. కానీ ఆ దెబ్బ తాలూకు తాకిడి ఎముక గుండా పైకి పాకి, చెవి ముందున్న దవడ తల కింది సన్నటి మెడను విరగ్గొట్టవచ్చు. దాన్ని ఎవరూ చూడకపోతే కీలు ఎముకతో అతుక్కుపోవచ్చు. నోరు తెరుచుకోదు, గడ్డం పెరగదు, అన్నం పళ్ల సందులోంచి తోయాల్సి వస్తుంది. కాబట్టి గడ్డం మీద దెబ్బతో ఏ పిల్లవాడొచ్చినా కుట్టు సంగతి తర్వాత. ముందు చెవుల ముందు వేళ్లు పెట్టి నోరు తెరిపించు. నేను ఈ ఉత్తరం మొదట్లోనే నీకు ఆ పని నేర్పింది ఇందుకే.

ముఖం కండరాల సంగతి. నీ అరచెయ్యి చెవి ముందు ఆనించి, అయిదు వేళ్లూ ముఖం మీద విప్పు. ఒకటి కణతకి, ఒకటి చెంప ఎముకకి, ఒకటి బుగ్గకి, ఒకటి దవడ అంచుకి, ఒకటి మెడకి. ముఖ నాడి కొమ్మలు సరిగ్గా అలాగే వెళతాయి. నవ్వూ ఏడుపూ కోపమూ అన్నీ దాని పుణ్యమే. అవి విడిపోయే చోటు చెవి ముందున్న లాలాజల గ్రంథి లోపల. కింది దవడ పళ్లకు మత్తు సూది వేసేటప్పుడు మరీ వెనక్కి పోయావంటే మందు ఆ గ్రంథిలో పడి, మనిషి అద్దంలో చూసుకునేసరికి మూతి వంకరగా ఉంటుంది, కన్ను మూతపడదు. మత్తు దిగితే కొన్ని గంటల్లో మామూలే. అంతదాకా కంటికి గుడ్డ కప్పి, పక్కన కూర్చుని ధైర్యం చెప్పాలి.

సూది లేకుండానే మూతి వంకరపోయి వచ్చేవాళ్లూ ఉంటారు. మూతి కాబట్టి పళ్ల డాక్టరు అనుకుంటారు పాపం. కనుబొమలు పైకెత్తమను. వంకరపోయిన వైపు నుదురు కూడా ముడత పడకపోతే చాలావరకు అది ముఖ నాడి జబ్బే. మూడు రోజుల లోపు మందు మొదలైతే మంచిది, ఎక్కువమంది కోలుకుంటారు. నుదురు బాగానే ముడతపడి, కింది సగమే పడిపోయిందంటే లోపం మెదడులో ఉందేమోనని అనుమానించాలి. నుదుటికి మెదడు రెండు వైపుల నుంచీ ఆజ్ఞలు వస్తాయి కాబట్టి అది తప్పించుకుంటుంది. చెయ్యి బలహీనపడినా, మాట తడబడినా అసలు ఆలస్యం చెయ్యకు. రక్తపు గడ్డ కరిగించే మందుకు గడువు నాలుగున్నర గంటలు. చెవి పక్క పసరు పిండించుకుని రమ్మనే పొరుగువాళ్లతో కూడా నువ్వే పోట్లాడాలి.

సరే, పూసలు. మెడలో మొదటి పూస ఒక ఉంగరం, దానికి మిగతా పూసలకున్న లావుపాటి ఒళ్లు లేదు. రెండో పూస నుంచి ఒక మొన పైకి లేచి ఆ ఉంగరంలో నిలబడుతుంది. అచ్చం పన్ను ఆకారం. తల నిలువుగా ఆడించి సరేననేటప్పుడు పని చేసేది పుర్రెకూ మొదటి పూసకూ మధ్య కీలు. అడ్డంగా తిప్పి వద్దనేటప్పుడు పని చేసేది ప్రధానంగా ఈ మొన చుట్టూ ఉన్న కీలు. ఆ మొన ఎక్స్‌రేలో ముందు నుంచి కనపడాలంటే రోగి నోరు తెరవాలి, పళ్ల మధ్య నుంచే దాన్ని చూస్తారు. నీ పని చోటుకు అదెంత దగ్గరో దీన్నిబట్టి తెలుసుకో.

బైకు మీంచి పడి, దవడ విరిగి, ముఖమంతా నెత్తురుతో ఒకణ్ని తెస్తారు. అందరి కళ్లూ దవడ మీదే ఉంటాయి. దవడను విరగ్గొట్టిన దెబ్బ మెడను మాత్రం వదిలిపెట్టిందని హామీ ఏముంది? విరగలేదని తేలేదాకా మెడ విరిగినట్టే లెక్కగట్టి, కదపకుండా పట్టుకో. దవడ విరిగితే ప్లేటు వేస్తారు, అన్నం తింటాడు. మెడలో వెన్నుపాము తెగితే జన్మంతా మంచమే.

మెడ పూసల పక్క రంధ్రాల గుండా మెదడుకు పోయే రక్తనాళాలు కూడా ఉన్నాయి. ముసలివాళ్ల తల కుర్చీ అంచు మీదుగా మరీ వెనక్కి వంచేస్తే అవి నలుగుతాయి. పార్లర్లో తల వెనక్కి వాల్చి కడిగించుకుని పక్షవాతం తెచ్చుకున్నవాళ్ల గురించి 1993లో అమెరికా వైద్య పత్రికలో రాశారు. మెడ కింద చిన్న దిండు పెట్టు. మంగలి షాపులో మెడ పట్టుకుని టక్కున విరిపించుకోవద్దని మీ నాన్నకు కూడా చెప్పు, నేను చెబితే వినడు.

పన్నుకూ పూసకూ ఇంకో చుట్టరికం మన నేలలోనే ఉంది. పొదిలి, దర్శి ప్రాంతాలు అప్పట్లో నెల్లూరు జిల్లా. అక్కడి జనంలో ఫ్లోరైడు జబ్బు గురించి 1937లోనే వైద్య పత్రికల్లో వచ్చింది. నల్గొండలోనూ ఇదే జబ్బు, ఆ కథ నీకు తెలిసిందే. పళ్లు తయారయ్యే వయసులో ఆ నీళ్లు తాగిన పిల్లలకు గార పళ్లు వస్తాయి. అవే నీళ్లు ఏళ్ల తరబడి తాగిన పెద్దవాళ్లలో వెన్నుపూసలను కట్టి ఉంచే పట్టీలు ఎముకగా మారిపోతాయి. నడుం వంగదు, మెడ తిరగదు. వెన్నుపాము నడిచే దారి ఇరుకై కాళ్లు పడిపోయినవాళ్లూ ఉన్నారు. నాగపూర్‌లోని నీరీ సంస్థ పటిక, సున్నం కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడు తీసే పద్ధతి కనిపెట్టి దానికి నల్గొండ పేరే పెట్టింది. నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని మన ప్రమాణం, వేరే నీళ్లు దొరకనిచోట ఒకటిన్నర దాకా. గార పళ్ల పిల్ల నీ కుర్చీలో కూర్చుంటే పళ్లు తెల్లబరచడం ఒక్కటే ఆలోచించకు. ఏ ఊరు తల్లీ, ఏ బోరు నీళ్లు, ఇంట్లో తాతకు నడుం వంగుతుందా అని అడుగు. ఒక ఊరి నీళ్ల సంగతి అందరికంటే ముందు తెలిసేది పళ్ల డాక్టరుకే.

ఇక నీ వెన్ను. మా రోజుల్లో నిలబడే పళ్లు పీకేవాళ్లం. 1950ల చివర్లో అమెరికాలో రోగిని పూర్తిగా పడుకోబెట్టే కుర్చీలొచ్చాక డాక్టరు కూర్చోవడం అలవాటైంది. కూర్చుంటే సుఖమని అందరూ అనుకున్నారు. ఒంటికి మాత్రం వేరే చిక్కు వచ్చిపడింది. తల బరువు అయిదు కిలోల దాకా ఉంటుంది. 60 డిగ్రీలు ముందుకు వంచితే మెడ మీద 27 కిలోల భారం పడుతుందని 2014లో ఒక అమెరికా వెన్నెముక సర్జన్ లెక్కగట్టాడు. అది నమూనా మీద కట్టిన లెక్కే, అంకె అటూ ఇటూ కావచ్చు. కానీ నోట్లోకి వంగి వంగి మెడా నడుమూ పట్టేసిన నా తోటివాళ్లను నేను లెక్కలేనంతమందిని చూశాను. పూసల మధ్యనున్న మెత్తటి బిళ్లలకు పెద్దయ్యాక సొంతంగా రక్తనాళాలు ఉండవు. చుట్టుపక్కల నుంచి ఇంకే పోషకాలతోనే బతుకుతాయి, ఆ ఇంకడానికి కదలిక కావాలి. అందుకని గంటకోసారి లేచి నడువు. ఎప్పుడైనా నడుం పట్టేస్తే నెలల తరబడి మంచం ఎక్కకు, ఓర్చుకోగలిగినంత తిరుగుతుంటేనే త్వరగా తగ్గుతుంది. కాళ్ల మధ్య తిమ్మిరెక్కి, మూత్రం మీద పట్టు తప్పితే మాత్రం ఆ రాత్రే ఆసుపత్రికి పోవాలి. అది నీకైనా, ఇంకెవరికైనా.

మధ్యలో ఒక మాట. డిసెక్షన్ హాల్లో బల్ల మీదున్న మనిషి నీ తొలి గురువు. ఆయన ముందు ఫోన్లు తీసి ఫొటోలు దిగొద్దు. నీ స్నేహితులు దిగుతుంటే ఆపు.

మళ్లీ నీ వెన్ను సంగతి. క్లినిక్ పోస్టింగులు మొదలయ్యేలోపే కూర్చునే తీరు అలవాటు చేసుకో, తర్వాత రాదు. రోగి నోరు నీ మోచేతి ఎత్తుకు తెచ్చుకో. పై పళ్లు చూడాలంటే మెడ మెలిపెట్టకుండా అద్దంలో చూడటం నేర్చుకో. మొదట్లో చెయ్యి తిరగబడినట్టుంటుంది, సీనియర్లు నవ్వుతారు, నవ్వనీ. స్టూలు ఎత్తు సరిచేసుకుని, పాదాలు రెండూ నేలకు ఆనాకే పరికరం చేతిలోకి తీసుకో.

మీ పెదతాత